మంగలికత్తితో గడ్డం గీసుకోవడం: మొదటి నెల
(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మంగలికత్తి ముచ్చటపడి కొనుక్కుని, నాలుగు రోజులు తంటాలు పడి, ముఖం మండిపోయి, చివరికి దాన్ని సొరుగులో పడేసేవాళ్లు చాలామంది ఉంటారు. ఎందుకు మానేశారని అడిగితే "చెయ్యి తిరగలేదండీ" అంటారు. చాలాసార్లు తప్పు చేతిది కాదు, వాదరది. పదును సరిగా లేని కత్తితో చేయితిరిగినవాడు కూడా హాయిగా గీసుకోలేడు. కాబట్టి ఈరోజు ముఖం గురించి మాట్లాడే ముందు కత్తి గురించీ, దాని పదును నిలబెట్టే తోలుపట్టీ గురించీ చాలాసేపు మాట్లాడతాను. విసుగనిపించినా ఓపిక పట్టండి. అక్కడ సరిగా ఉంటే తర్వాతది సులువు.

కత్తి భాగాలు ముందు చూద్దాం. తెగే అంచు వాదర. దానికి ఎదురుగా మందంగా ఉన్నది వెన్ను. చివర మొన, పిడి వైపున ఉన్న మూల మడమ. మడమ దాటాక వేళ్లు పెట్టుకునే సన్నని భాగం మెడ, దాని చివర పైకి వంపు తిరిగినది తోక. పిడి రెండు పలకలు, వాటి మధ్య కత్తి తిరగడానికి మేకు. ఈ మేకు సంగతి తుప్పు దగ్గర మళ్లీ వస్తుంది.

వెడల్పును అంగుళంలో ఎనిమిదో వంతుల్లో లెక్కపెడతారు. 4/8, 5/8, 6/8, 7/8 అంటారు. మొదటి కత్తికి 5/8 గానీ 6/8 గానీ తీసుకోండి. 5/8 అంటే దాదాపు 16 మిల్లీమీటర్లు, 6/8 అంటే 19. అంతకన్నా వెడల్పైతే నురగను బాగా మోస్తుంది కానీ ముక్కు కింద తిప్పడం కష్టం. అంతకన్నా సన్నదైతే నురగ త్వరగా పిడి మీదికి వచ్చేస్తుంది.

రెండో సంగతి, పక్కలను ఎంత లోతుగా తొలిచారన్నది. పూర్తిగా తొలిచిన కత్తిని ఫుల్ హాలో అంటారు. వాదర దగ్గర రేకు బాగా పలచన, వేలికి కొంచెం వంగుతుంది, గీసేటప్పుడు గరగరమని చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడు నేర్చుకునేవాళ్లకు మంచి గురువు. కోణం మారగానే చప్పుడు మారుతుంది. తొలవకుండా, వెన్ను నుంచి వాదర దాకా తిన్నగా పలచబడేలా ఉంచినదాన్ని వెడ్జ్ అంటారు. బరువెక్కువ, మాటాడదు, సాన పట్టడం కష్టం. రెంటికీ మధ్యన హాఫ్ హాలో. కొత్తవాళ్లకు ఫుల్ హాలో గానీ హాఫ్ హాలో గానీ చాలు.

మూడోది మొన. గుండ్రటి మొన ఉన్నదే తీసుకోండి. సూదిలా నిలువుగా కోసిన మొన మీసం అంచు దిద్దుకోవడానికి బాగుంటుంది, చెవి తమ్మెను గీరడానికి ఇంకా బాగుంటుంది. గుండ్రటిది చెంప వంపులో కాస్త పక్కకి జారినా గుచ్చుకోదు.

ఉక్కు సంగతి ఎక్కువ చెప్పను. కార్బన్ ఉక్కు తుప్పు పడుతుంది, సాన పట్టడం తేలిక. స్టెయిన్‌లెస్ తుప్పుకు కాస్త తట్టుకుంటుంది, సానకు ఎక్కువ సమయం అడుగుతుంది. రెండింటితోనూ చక్కగా గీసుకోవచ్చు. ఇంగ్లండులో షెఫీల్డ్, జర్మనీలో జోలింగెన్, ఫ్రాన్సులో తియేర్ ఈ కత్తులకు పేరుపడ్డ ఊళ్లు. జిల్లెట్ కంపెనీ వ్యవస్థాపకుడి సేఫ్టీ రేజర్‌కు 1904లో అమెరికాలో పేటెంటు వచ్చాక, బ్లేడు మార్చి పారేసే పద్ధతి పెరిగి ఇవి వెనకబడ్డాయి. కానీ ఆ ఊళ్ల పాత కత్తులు ఈనాటికీ దొరుకుతాయి, బాగుచేస్తే బ్రహ్మాండంగా పనిచేస్తాయి.

పాత కత్తి కొనేటప్పుడు ఏం చూడాలంటే, ముందు వాదరను వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడండి. వెంట్రుకవాసి పగులు ఉన్నా వదిలేయండి, పగులుకు మందు లేదు. వాదర పక్కనే తుప్పు గుంటలు ఉంటే వదిలేయండి. గుంట లోపల ఎంత దూరం పోయిందో పైకి కనబడదు, సాన పడుతుంటే వాదర అక్కడే రాలుతుంది. వెన్ను మీద మచ్చలుంటే ఫరవాలేదు. వెన్ను ఒకచోట బాగా అరిగి, ఇంకోచోట అరగకుండా ఉంటే మాత్రం ఎవరో తప్పుగా సాన పట్టారని అర్థం. బల్ల మీద పడుకోబెట్టి చూడండి, ఊగితే వంకర ఉన్నట్టు.

ఇక కత్తి ఆకారంలో ఉండి కత్తి కానివి ఉన్నాయి. మెత్తటి ఉక్కు, తళతళలాడే పిడి, చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. వాటికి పదును పెట్టినా నిలవదు. బొమ్మలుగా పనికొస్తాయి. అమ్మేవాడిని ఒక్క ప్రశ్న అడగండి: "ఇది ముఖానికి పెట్టుకునేలా సాన పట్టి ఇస్తున్నారా?" ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కొత్త కత్తుల్లో చాలావాటి పదును గడ్డానికి చాలదు. సాన పట్టి, వెంట్రుక మీద పరీక్ష చేసి ఇచ్చేవాళ్ల దగ్గరే మొదటి కత్తి తీసుకోండి. లేదా కొని, సాన తెలిసినవాళ్లకు పంపించి తెప్పించుకోండి. ఈ ఒక్క పనీ చేస్తే సగం కష్టం తప్పుతుంది.

సగం బ్లేడు దూర్చుకునే కత్తి కూడా ఉంది కదా, దాంతో నేర్చుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. నేర్చుకోవచ్చు. సానా తోలూ అక్కర్లేదు, బ్లేడు మారిస్తే సరి. కానీ అది తేలికైన వస్తువు, రేకు వంగదు, అంచు చాలా కరుకు, పొరపాటును మన్నించదు. దాంతో అలవాటైన చెయ్యి అసలు కత్తి దగ్గర మళ్లీ కొంత నేర్చుకోవాల్సిందే. రెండూ ఒకటే అనుకుని మార్చుకుంటూ పోతే గందరగోళం.

ఇప్పుడు తోలుపట్టీ. దయచేసి దీన్ని శ్రద్ధగా వినండి.

సాన పదును పెడుతుంది. తోలు ఆ పదునును నిలబెడుతుంది. వాడినప్పుడల్లా వాదర కొస, కంటికి కనబడనంత సన్నని చోట, అటూ ఇటూ ఒరుగుతుంది, తడికి దాని మీద మడ్డి చేరుతుంది. తోలు మీద లాగితే అది తిరిగి సరళమవుతుంది. తోలు లోహాన్ని అరగదీయదని కాదు, చాలా కొద్దిగా. అందుకే మొద్దుబారిన కత్తిని తోలు మీద వందసార్లు లాగినా పదును రాదు. సాన చేసే పని తోలు చేయలేదు.

పట్టీ సాధారణంగా రెండు పొరలు, ఒకటి గుడ్డ, ఒకటి తోలు. వెడల్పు మూడు అంగుళాలుంటే వాదర మొత్తం ఒకేసారి ఆనుతుంది. రెండున్నర అంగుళాలైతే కత్తిని మడమ నుంచి మొన దాకా కొంచెం ఏటవాలుగా జరుపుతూ లాగాలి. మొదట్లో మూడంగుళాలది నయం. ఖరీదైనది మాత్రం వద్దు, మొదటి పట్టీకి గాట్లు పడతాయి. పడని వాళ్లు అరుదు.

ఒక కొసను కొక్కేనికి తగిలించి, రెండో కొసను చేత్తో గట్టిగా లాగి పట్టుకోండి. పట్టీ మధ్యలో వేలాడకూడదు. వేలాడితే తోలు వాదర చుట్టూ పైకి లేచి, కొస గుండ్రంగా తిరుగుతుంది. రోజూ శ్రద్ధగా తోలు మీద లాగుతూనే, రోజురోజుకీ పదును పోగొట్టుకునేవాళ్ల రహస్యం ఇదే.

కత్తి మెడను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకోండి. వెన్నూ వాదరా రెండూ ఒకేసారి తోలుకు ఆనాలి. ఆనాక వెన్ను ముందు, వాదర వెనక ఉండేలా లాగాలి. వాదర ముందుకు పోయేలా తోస్తే తోలు తెగుతుంది, అంతే సంగతి. చివరికి వచ్చాక ఆగండి. పూర్తిగా ఆగండి. వెన్ను తోలు మీదే ఉండాలి, వాదరను పైకి లేపి, వెన్ను మీదుగా కత్తిని దొర్లించి అటువైపు పడుకోబెట్టండి. దొర్లించడం మణికట్టుతో కాదు, వేళ్ల మధ్యన. వెనక్కి లాగండి. గాట్లు పడేది ఎప్పుడూ ఈ మలుపు దగ్గరే. లాగడం ఆగకముందే తిప్పబోతే, వాదర తోలులో దిగుతుంది.

ఒత్తిడి దాదాపు ఏమీ వద్దు. కత్తి బరువు, దానికి తోడు కత్తి తోలును వదిలిపోకుండా ఉండేంత. వేగం అస్సలు వద్దు. సినిమాల్లో పటపటా లాగేస్తారు, చూడ్డానికి బాగుంటుంది. మీరు ఒక లాగుకు రెండు సెకన్లు తీసుకున్నా కొంపేం మునిగిపోదు. గీసుకునే ముందు గుడ్డ మీద ఇరవై, ముప్పై సార్లు, తోలు మీద యాభై, అరవై సార్లు. వెళ్లి రావడం ఒకటిగా లెక్క. లెక్క తప్పితే మళ్లీ మొదలుపెట్టక్కర్లేదు.

కత్తి రాకముందే పట్టీ వచ్చిందా? మరీ మంచిది. వెన్న రాసుకునే మొద్దు చాకుతో మలుపు సాధన చేయండి. వారం రోజులు రోజుకు పది నిమిషాలు. ఆ వారం వృథా కాదు.

తోలును బాగా చూసుకోవడానికి పెద్ద మందులేమీ అక్కర్లేదు. శుభ్రమైన అరచేతితో గట్టిగా రుద్దండి, చేతి వేడీ జిడ్డూ చాలు. నూనె పోసి నానబెడితే తోలు జిగటై కత్తిని పట్టుకుంటుంది. పొడి తడి పట్టించుకోకుండా స్నానాల గదిలో వేలాడదీస్తే అది వంకర తిరుగుతుంది.

పదును ఉందో లేదో ఎలా తెలుస్తుంది? ముంజేతి వెంట్రుకల మీద, చర్మానికి దాదాపు అర సెంటీమీటరు ఎత్తులో కత్తిని నడపండి. చర్మాన్ని తాకకుండా వెంట్రుకల చివర్లను తెంపితే బాగున్నట్టు. వాదర మొత్తం చూడాలి, మడమ దగ్గరా, నడుమా, మొన దగ్గరా. చాలాసార్లు నడుమ తెగుతుంది, మొన దగ్గర తెగదు. బొటనవేలు వాదర పొడవునా నడపడం మాత్రం ఎప్పుడూ చేయకండి. అది పరీక్ష కాదు, దెబ్బ. గోరు మీద లాగి చూడటం సాన మొదటి దశలో చేసే పని, సిద్ధమైన కత్తికి చేస్తే పదును చెడుతుంది.

సరే, కత్తి సిద్ధం. ఇప్పుడు ముఖం.

పొడి వెంట్రుక గట్టిది, నీళ్లు పీల్చిన వెంట్రుక మెత్తది. కాబట్టి గోరువెచ్చని నీళ్లతో రెండు మూడు నిమిషాలు తడపండి, లేదా స్నానం చేసి వచ్చి మొదలుపెట్టండి. వేడివేడి నీళ్లు వద్దు, చర్మం ఎర్రబడి మండుతుంది. నురగ కోసం సబ్బు మీద తడి బ్రష్షును ఇరవై, ముప్పై సెకన్లు తిప్పి, ముఖం మీద కొద్దికొద్దిగా నీళ్లు చేరుస్తూ తిప్పండి. డబ్బాలోంచి వచ్చే గాలి నురగ ఇక్కడ పనికిరాదు, పైకి ఎత్తుగా కనిపిస్తుంది, లోపల తడి ఉండదు. మనకు కావలసింది తడి ఉండి జారే నురగ. వేలితో తాకితే మెరుస్తూ, గిలకొట్టిన పెరుగులా ఉండాలి. బుడగలు పెద్దవిగా కనబడితే నీళ్లు ఎక్కువ, చిట్లుతుంటే తక్కువ. తక్కువే ఎక్కువమందికి జరిగేది. గీస్తూ ఉండగా ఆరిపోతుంది, కాబట్టి ముఖం ఒక్కో సగానికి వేరేగా రాసుకోండి.

కత్తి పట్టడం చూడండి. పిడిని విప్పి, రేకుకు లంబంగా కన్నా ఇంకొంచెం వెనక్కి తోయండి. చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపు వేలు మెడ పైన. బొటనవేలు మెడ కింద, పక్కకి. చిటికెనవేలు తోక మీద. గట్టిగా బిగించకండి. బిగిస్తే మణికట్టు బిగుస్తుంది, మణికట్టు బిగిస్తే కోణం మారదు, కోణం మారాల్సిన చోట మారకపోతే తెగుతుంది.

కోణం అడుగుతారు. చర్మం మీద కత్తిని పూర్తిగా పడుకోబెట్టండి, ఇప్పుడు వెన్నును పైకి లేపండి. వెన్నుకూ చర్మానికీ మధ్య, వెన్ను మందమంత సందు వచ్చేలా. 5/8 కత్తికి అది నాలుగైదు మిల్లీమీటర్లు. మహా అయితే దానికి ఒకటిన్నర రెట్లు. లెక్కలో చెప్పాలంటే దాదాపు 25 నుంచి 30 డిగ్రీలు. సందు బాగా తక్కువైతే వాదర వెంట్రుకను కోయకుండా లాగుతుంది. ఎక్కువైతే చర్మాన్ని గీరుతుంది. ముందు తక్కువ వైపు తప్పు చేయండి, అది లాగుతుంది గానీ కోయదు.

రెండో చెయ్యి కూడా పని చేయాలి. నిజానికి గీసే చెయ్యి కన్నా సాగదీసే చేతికే ఎక్కువ పని. చర్మం వదులుగా ఉంటే కత్తికి ముందు అలలా లేస్తుంది, ఆ అల మీద వాదర ఎక్కుతుంది. వేళ్లు సబ్బుకు జారితే తుడుచుకోండి, లేదా తడి పటికను వేళ్లకు రుద్దుకోండి, బాగా పట్టు వస్తుంది. పటిక కోతకే కాదు, దీనికీ పనికొస్తుంది.

లాగులు చిన్నవి, రెండు మూడు సెంటీమీటర్లు. వెంట్రుక వాలు ఏ వైపో ముందురోజే చూసుకోండి. ఒకరోజు గడ్డం మీద వేళ్లు నడిపితే, నున్నగా పోయే దిక్కు వాలు, కరుకుగా తగిలేది ఎదురు. మెడ మీద చాలామందికి ఇది సుడులు తిరిగి ఉంటుంది, ఒక వైపు కిందికి, ఇంకో వైపు చెవివైపు. కాగితం మీద ముఖం గీసుకుని బాణాలు పెట్టుకోవచ్చు. నవ్వకండి, పనికొస్తుంది.

ఇక ఒకే ఒక్క నియమం. కత్తి కదలాల్సింది వాదరకు లంబంగా మాత్రమే. వాదర పొడవునా, పక్కకి, వెంట్రుకవాసి కూడా కదలకూడదు. రంపంలా కదిలిన క్షణాన తెగుతుంది. నిలువుగా లాగినప్పుడు చర్మం ఎంతో తట్టుకుంటుంది, పక్కకి జారితే అస్సలు తట్టుకోదు. ముఖం మీద ఉండగా ఎవరైనా పిలిస్తే ముందు కత్తిని ముఖం నుంచి ఎత్తండి, తర్వాత తిరగండి. తలుపు గడియ వేసుకోవడం ఇంకా మంచిది.

మొదటి వారం కుడిచెంప, ఎడమచెంప మాత్రమే. వాలువైపే, ఒక్కసారే. మిగతా ముఖమంతా మామూలు రేజర్‌తో ముగించండి. సిగ్గుపడే పనేమీ కాదు, ఇదే సరైన పద్ధతి. చెంప దగ్గర, చెవి ముందు జుట్టు అంచు నుంచి మొదలుపెట్టండి. ఎడమచేతి వేళ్లతో జుట్టు పైనుంచి చర్మాన్ని పైకి లాగి, కత్తి మధ్యభాగాన్ని ఆనించి, కిందికి. మొన చెంప మధ్యకి ఉంటుంది, దాన్ని మాత్రం కాస్త పైకి లేపినట్టుగానే ఉంచండి. చెవి దగ్గర మడమ చెవి తమ్మెకు తగలకుండా చూసుకోండి. రెండో చేత్తో చెవిని పక్కకి మడిచినా సరే.

కుడిచేతివాళ్లకు ఎడమచెంప కష్టం. పిడి ముక్కు ముందుకొచ్చి అద్దాన్ని అడ్డుకుంటుంది. రెండు దారులున్నాయి. ఒకటి, ఎడమచెంపకు ఎడమచేతిని నేర్పడం. ఒక నెలలో వచ్చేస్తుంది, మొదట్లో వింతగా ఉంటుంది. రెండోది, ముఖాన్ని బాగా తిప్పి కుడిచేతినే తల మీదుగా పోనిచ్చి గీయడం. నా సలహా మొదటిదే. రెండో దారిలో కనబడని చోట ఊహతో గీసే అలవాటు పడుతుంది.

రెండో వారం దవడ. దవడ ఎముక అంచు మీద గీయబోతే వాదర కింద చర్మం జారుతుంది, ఎముక గట్టిగా ఉంటుంది, అందువల్ల కోతలు పడతాయి. కాబట్టి దవడ మీది చర్మాన్ని పైకి, చెంప మీదికి లాగి అక్కడే గీయండి. చర్మాన్ని కదిలించి చదునైన చోటికి తెచ్చుకోవడం అనేది ఈ విద్యలో సగం.

మూడో వారం మెడ. తలను వెనక్కి ఎత్తి, కింది నుంచి చర్మాన్ని పట్టి కాలర్ ఎముక వైపుకు లాగండి. గొంతు ముడి మీద నేరుగా గీయకండి, ఒకసారి మింగినట్టుగా పట్టుకుంటే అది పైకి పోతుంది, లేదా చర్మాన్ని పక్కకి లాగి ముడిని దాటించి గీయండి. మెడ ఎరుపెక్కడానికి రెండు కారణాలుంటాయి. ఒకటి ఎదురు గీయడం, రెండోది నురగ ఆరిన చోటే మళ్లీ గీయడం.

నాలుగో వారం చుబుకం, పైపెదవి. కిందిపెదవిని కింది పళ్ల మీదికి బిగిస్తే చుబుకం మీది చర్మం సాగుతుంది. లాగులు సెంటీమీటరు లోపే ఉండాలి. వంపు కనక వాదరలో ఏ భాగం ఆనుతోందో ప్రతిసారీ చూసుకోవాలి. పైపెదవికి, పెదవిని కిందికి పళ్ల మీదికి సాగదీసి, రెండో చేత్తో ముక్కు కొసను కాస్త పైకి ఎత్తండి. అక్కడ మొన ముక్కు రంధ్రానికి చాలా దగ్గర. సందు కాస్త ఎక్కువగా ఉంచవచ్చు, ఒత్తిడి మాత్రం సున్నా.

ఎదురు గీయడం మొదటి నెలలో అస్సలు వద్దు. నున్నదనం కోసం తొందరపడితే ముఖం మీద చుక్కచుక్క రక్తం వస్తుంది. మూడు, నాలుగు నెలలయ్యాక చెంపల మీద అడ్డంగా గీయండి, తర్వాత చూసుకోవచ్చు.

ఇప్పుడు ఏదైనా తేడా వస్తే ఎలా కారణం కనిపెట్టాలన్నది చెబుతాను. ఇది మీరు రాసుకోవాల్సిన చోటు.

వాదర వెంట్రుకను కోయకుండా లాగుతోంది అంటే ముందు పదునును అనుమానించండి. ముంజేతి పరీక్ష చేయండి. పదును ఉంటే కోణాన్ని చూడండి, బాగా పడుకుని ఉండి ఉంటుంది. అదీ సరే అనిపిస్తే నురగ ఆరిపోయింది. ఈ వరుసలో చూడండి. తలకిందులుగా చూస్తే, నురగ మారుస్తూ, కోణం మారుస్తూ నెల గడిచిపోతుంది, కత్తి అలాగే ఉంటుంది.

గీరినట్టు మండుతోంది అంటే సందు ఎక్కువ, లేదా ఒత్తిడి ఎక్కువ, లేదా ఒకే చోట పదిసార్లు నడిపారు. పొడుగాటి సన్నని గీత పడితే పక్కకి జారింది. చుక్కలుగా రక్తం చిందితే చర్మం సాగలేదు. గడ్డం అక్కడక్కడా మిగిలితే అది తప్పు కాదు, మొదట్లో అలాగే ఉంటుంది. దాన్ని కోసేద్దామని మళ్లీ మళ్లీ నడిపితేనే తప్పు.

కోత పడితే చల్లని నీళ్లతో కడిగి, శుభ్రమైన గుడ్డతో కాసేపు ఒత్తండి, తర్వాత తడిపిన పటికను ఆనించండి. మండుతుంది, ఆగుతుంది. లోతైనదైతే పది నిమిషాలు గట్టిగా ఒత్తి పట్టుకున్నాక కూడా ఆగకపోతే వైద్యుడి దగ్గరికి వెళ్లండి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు వైద్యుడిని అడగకుండా ఈ పనిలో దిగకండి. పుండ్లూ, ఎర్రటి మొటిమలూ ఉన్న రోజున మానేయండి. పుట్టుమచ్చ ఎక్కడుందో ముందే వేలితో గుర్తు చూసుకుని, దాని చుట్టూ తిప్పుకోండి. ఒకరి కత్తి ఇంకొకరు వాడకూడదు. రక్తంలో వచ్చే హెపటైటిస్ బి లాంటివి చిన్న గాటు ద్వారా కూడా అంటుకోగలవు.

ఇంకొకటి. కత్తి జారితే పట్టుకోకండి. చేయి చాచకండి, కాలు వెనక్కి తీయండి. కింద పడి వాదర విరిగినా ఫరవాలేదు. సింకులో మెత్తటి తువ్వాలు పరిచి ఉంచితే అదీ విరగదు. కడిగేటప్పుడు కుళాయికి వాదర తగిలినా రాలుతుంది, చిన్నగా తగిలినా సరే.

పని అయ్యాక కడిగి, మెత్తటి గుడ్డతో వెన్ను నుంచి వాదర వైపుకు తుడవండి. అటు నుంచి ఇటు తుడిస్తే గుడ్డా పోతుంది, వేళ్లూ పోతాయి. మేకు చుట్టూ పిడి లోపలి పక్కన నీళ్లు దాగుతాయి, తుప్పు అక్కడే మొదలవుతుంది. అక్కడ కాగితపు రుమాలు మడిచి తుడవండి. తర్వాత గుడ్డ పట్టీ మీద నాలుగైదు లాగులు లాగితే మిగిలిన చెమ్మ పోతుంది. కొన్ని గంటలు విప్పి ఉంచి, అప్పుడు మూయండి. వారం పైన వాడనప్పుడు ఒక బొట్టు నూనె, తుప్పుకు అడ్డుగా. స్నానాల గదిలో మాత్రం ఉంచకండి.

(ప్రేక్షకుల నుంచి ఒకరు: సాన ఎప్పుడు పట్టాలి? సొంతంగా పట్టుకోవచ్చా?)

మంచి ప్రశ్న. తోలు తర్వాత కూడా వాదర లాగడం మొదలైతే, వరుసగా రెండు మూడు రోజులు అలాగే ఉంటే, సానకు వేళైంది. దీనికి రోజుల లెక్క లేదు. గడ్డం గట్టిదనం, ఉక్కు, మీ తోలు పనీ అన్నిటి మీదా ఆధారపడుతుంది. మొదటి ఏడాది సానను తెలిసినవాళ్లకు వదిలేయండి. సొంతంగా పట్టాలనుకునేవాళ్లకు మాత్రం వరుస ఇది. 1000 గ్రిట్ (గరుకు లెక్క, సంఖ్య పెరిగేకొద్దీ రాయి మెత్తన) రాయి మీద వాదర రెండు పక్కలూ కొసన సరిగా కలుసుకునేదాకా, తర్వాత 4000 లేదా 5000, తర్వాత 8000, చివరికి 12000. రాళ్లు చదునుగా ఉండాలి, మధ్యలో గుంట పడ్డ రాయి కత్తిని పాడుచేస్తుంది. వెన్నూ వాదరా రెండూ రాయికి ఆనేలా పెడతాం కాబట్టి కోణం గురించి ఆలోచించక్కర్లేదు, కత్తి రూపమే దాన్ని పెట్టేసింది. మొదటి మెట్టులో రెండు పక్కలూ కలవకపోతే తర్వాతి రాళ్లు ఎంత మెత్తగా ఉన్నా లాభం లేదు, అక్కడ తొందరపడటం వల్లే చాలా సానలు చెడతాయి.

మధ్యలో కొద్దిగా మొద్దుబారితే, అర మైక్రాన్ క్రోమియం ఆక్సైడ్ అనే మెరుగుపెట్టే పొడి పట్టించిన పట్టీ మీద పది పదిహేను లాగులు చాలు. కానీ దానికి వేరే పట్టీ ఉంచుకోండి. మామూలు తోలుకు పట్టించారంటే ఇక ఆ తోలు శుభ్రం కాదు.

(మరొకరు: వాదర మీద సన్నటి గాటు పడింది, కానీ తెగుతోంది. వాడవచ్చా?)

వాడకండి. గాటు అంచులు చర్మాన్ని పట్టుకుంటాయి, కోత సన్నగా కాదు, చిరిగినట్టుగా పడుతుంది. ఆ కత్తికి 1000 రాయి నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. పగులైతే మాత్రం ఇంకా లోపలికి పోతుంది, దాన్ని పక్కన పెట్టేయడమే. భూతద్దం కింద చూస్తే రెండింటి తేడా తెలుస్తుంది. ఇదిగో, ఈ బల్ల మీద రెండూ ఉన్నాయి, ఎడమపక్క గాటున్నది, కుడిపక్క పగులున్నది. ఒక్కొక్కరుగా వచ్చి చూడండి, భూతద్దం పక్కనే ఉంది. వెన్ను పట్టుకుని చూడండి, వాదర ముట్టుకోకండి.